సగంలో ఆగిన సైన్యాలు

“సగం గ్లాసే పొయ్యమనడమేంది? ఇంట్లో పాలు లేవా, పంచదార లేదా?” అంటూ సుశీల టీ గ్లాసును మొగుడి ముందు ఠక్కున పెట్టింది. “టీ సగం, మాట సగం, ఆ బొమ్మలు సగం. నీ జన్మలో ఏదన్నా నిండుగా చేశావా అయ్యా?”

మస్తాన్‌రావు నవ్వాడు. గ్లాసును మాత్రం వెంటనే అందుకోలేదు. సుశీల పొయ్యి వైపు తిరిగాక రెండు చేతులతో పట్టుకుని, తలను గ్లాసు దగ్గరికే దించి తాగాడు. తాగాక తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళాడు.

గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్న భవిత అది చూసింది. చూసి మళ్ళీ పుస్తకంలో తల పెట్టింది. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న ఆ పిల్ల ఇంట్లో కూడా అడిగితే తప్ప మాట్లాడదు. “మా భవిత నోట్లో ముత్యాలున్నయ్, రాలిపోతాయని తెరవదు” అని నానమ్మ వెంకాయమ్మ వచ్చిన వాళ్ళందరితో అంటుంది.

ఆ ఇంట్లో ఉన్నది ఒకటే బల్ల. దాని నిండా సైన్యాలు.

మస్తాన్‌రావు మాచర్ల నుంచి గురజాల వెళ్ళే బస్సుకు డ్రైవరు. పుట్టింది కారంపూడిలో. ఏటా కార్తీక అమావాస్యకు వీరుల ఆయుధాలు ఊరేగుతుంటే, ఊరంతా పల్నాటి యుద్ధాన్ని తలుచుకుంటుంటే చూస్తూ పెరిగాడు. కొన్నేళ్ళ కిందట ఫోనులో ఒక వీడియో అతని కంటబడింది. ఎక్కడో విదేశాల్లో గడ్డాలు నెరిసిన మనుషులు బల్ల చుట్టూ చేరి, ఎప్పుడో జరిగిన యుద్ధాలను చిన్న చిన్న బొమ్మలతో మళ్ళీ ఆడుతున్నారు. టేపుతో కొలిచి సైన్యాన్ని ముందుకు జరుపుతున్నారు. పాచికలు వేసి ఎవరు పడ్డారో, ఎవరు నిలిచారో తేలుస్తున్నారు. “మన యుద్ధం మనమెందుకు ఆడకూడదే?” అంటూ ఆ సాయంత్రమే రాగి తీగ, పైపుల చిల్లులకు పూసే ఎంసీల్ ముద్ద, రంగులు కొనుక్కొచ్చాడు. తీగను వంచి మనిషిని చేయడం, దానికి ఎంసీల్ పట్టించి ఒళ్ళు తేవడం, ఆరాక రంగు వేయడం. డ్యూటీ లేనప్పుడల్లా అదే పని. ఎదుటి సైన్యాన్ని నడిపేది భవిత. నోరు తెరవని ఆ పిల్ల బల్ల దగ్గర మాత్రం “నాన్నా, నీ గుర్రాలు చచ్చినయ్” అని వీధిలోకి వినపడేలా అనేది.

కానీ ఏ యుద్ధానికీ పూర్తి సైన్యం తయారు కాలేదు. పల్నాటి యుద్ధాన్ని సగంలో వదిలేసి మస్తాన్‌రావు కొండవీటి కోట మొదలుపెట్టాడు. గోడలు లేచాయి గానీ లోపలి సైన్యం తేలలేదు. దాన్ని వదిలి బొబ్బిలి అన్నాడు. ఈ మధ్య మళ్ళీ పల్నాటికే వచ్చి పెద్ద పెద్ద వీరులను చేస్తున్నాడు. ఎందుకిట్టా అంటే ప్రతిసారీ ఒకటే జవాబు, “ఇవైతే ఇంకా బాగుంటయ్.”

“భవితా, లెయ్యి.” సుశీల ఒక అట్టపెట్టె తెచ్చి కూతురి ముందు పడేసింది. “మీ నాన్న స్నానం చేసి వచ్చేలోపు ఆ బల్ల ఖాళీ కావాల. పరీక్షలు పెట్టుకుని పిల్లేమో నేల మీద, ఉలకని పలకని బొమ్మలు బల్ల మీద. ఇంక నావల్ల కాదు.”

“నాన్న బాధపడతాడమ్మా.”

“పడనియ్. ఒక్కటంటే ఒక్కటి పూర్తి చేసుంటే ఆ బల్లకు నేనే హారతి ఇచ్చేదాన్ని.”

“బొమ్మలు అనబాకే, వీరులు,” అంది మంచం మీద నుంచి వెంకాయమ్మ. ఆమె అది హాస్యానికి అనలేదు. కారంపూడిలో వీరులంటే దేవుళ్ళు. వాళ్ళను ఇంట్లో పెట్టుకుని ఊరికే వదిలేస్తే ఎట్టా అని, కొడుకు బస్సెక్కగానే ఒక్కో బొమ్మ పాదాలకూ ఇంత పసుపు రాసేది. “దాని మీద రంగు నిలవదే అమ్మా” అని మస్తాన్‌రావు మొత్తుకున్నా వినలేదు.

గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది. షకీలా వచ్చింది. మస్తాన్‌రావు బస్సులో ఆమె కండక్టరు. ఉండేది పక్క వీధిలోనే కాబట్టి రోజూ ఇద్దరూ కలిసే డిపోకు నడుస్తారు.

“ఏంది వదినా, పొద్దున్నే యుద్ధం మొదలైందా?”

“మొదలవ్వడానికేం, మా ఇంట్లో అన్నీ మొదలవుతయ్. ముగిసేదే ఒక్కటీ లేదు. కూర్చో, టీ ఇస్తా.”

“అన్నకు నిన్న బండిలో నిజంగానే యుద్ధమైంది,” అని నవ్వింది షకీలా. “రెంటచింతల దాటినాక మేక అడ్డమొచ్చిందంట, బస్సును రోడ్డు కిందకి దించేశాడు. నిలబడ్డ పిల్లలంతా ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. మేక ఎట్టుందన్నా అంటే నల్లగా ఉందన్నాడు. నాకైతే నల్లదీ కనపళ్ళా, తెల్లదీ కనపళ్ళా.”

“ఆయనకు మేకలు కూడా సగమే కనపడతయ్ లే,” అంది సుశీల. ఇద్దరూ నవ్వుకున్నారు.

భవిత నవ్వలేదు. రెంటచింతల నుంచి ఆమె స్నేహితురాలు ఫర్హీన్ రోజూ కాలేజీకి వచ్చేది ఆ బస్సులోనే.

ఏ సైన్యం ఆ సైన్యంగా సర్దితే నాన్న మళ్ళీ వెతుక్కోడానికి వీలుగా ఉంటుందని, భవిత ముందు అన్నిటినీ బల్ల మీదే వరసలుగా పేర్చింది. మొదటి పల్నాటి సైనికులు చిటికెన వేలి గోరంత ఉన్నారు. అంత చిన్న మొహాల మీద కూడా మీసాలున్నాయి, కళ్ళున్నాయి. పక్కన కొండవీటి వాళ్ళు, వేలిలో సగం. వీళ్ళకు కళ్ళున్నాయి గానీ ఒకటి పైకి, ఒకటి కిందికి. బొబ్బిలి వాళ్ళు వేలంత పొడుగు. కళ్ళ చోట రెండు చుక్కలు, అవీ చెంపల మీదికి జారాయి. చివరి వీరులు అరచెయ్యంత ఉన్నారు. వాళ్ళ మొహాలు గుండ్రాళ్ళలా నున్నగా ఉన్నాయి. పాదాలకు పసుపు కూడా లేదు.

“నానమ్మా, వీళ్ళకు పసుపు పెట్టలేదేం?”

“కళ్ళు రాలా గదమ్మా వాళ్ళకు. కళ్ళు తెరవని వీరుడికి పసుపెట్టా పెడతాను? మీ నాన్ననడిగితే రేపు, రేపంటాడు.”

చేతిలో ఉన్న వీరుణ్ణి భవిత చాలాసేపు చూసింది. చిన్నవి వదిలి పెద్దవి. అవీ వదిలి ఇంకా పెద్దవి. ఆట మీద మనసు నిలవక మారుస్తున్నాడని అమ్మ అంటుంది, తనూ అలాగే అనుకుంది. ఈమధ్య ఆడేటప్పుడు తన వంతు పాచికలు కూడా నాన్న ఆమె చేతే వేయిస్తున్నాడు, “నీ చెయ్యి మంచిదిలే” అని. రెండు చేతులతో పట్టుకున్న సగం గ్లాసు గుర్తొచ్చింది. లేని మేక గుర్తొచ్చింది. మొదటి వరసలోంచి ఒక చిన్న సైనికుణ్ణి తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

అప్పుడే మస్తాన్‌రావు లోపలికి వచ్చాడు. గుండీలు ముందే పెట్టి ఉన్న ఖాకీ చొక్కాను బనీనులా తల మీంచి వేసుకుంటున్నాడు. చొక్కాలోంచి తల బయటికి వచ్చేసరికి ఎదురుగా అట్టపెట్టె కనపడింది.

“ఎవరు తియ్యమన్నారు వాటిని?”

“నేనే,” అంది సుశీల. “నువ్వెట్టాగూ పూర్తి చెయ్యవు, పిల్ల చదువన్నా పూర్తి కానియ్.”

“ఏమే, నేనేమన్నా తాగొస్తున్నానా, పేకాడుతున్నానా? మూల కూర్చుని నా పని నేను చేసుకుంటంటే నీకు కళ్ళమంట.”

“తాగేవాడైతే ఎక్కిందీ దిగిందీ తెలిసేది. నీ సంగతి ఏ దేవుడికీ తెలియదు. పట్టిందల్లా వదిలేస్తావు. రేపు మమ్మల్ని కూడా ఇట్టాగే సగంలో వదిలేస్తావు.”

మస్తాన్‌రావు మొహం పాలిపోయింది. “టైమయింది, పదమ్మా షకీలా,” అని గుమ్మం వైపు కదిలాడు.

గుమ్మానికి అడ్డంగా భవిత నిలబడింది.

“జరుగు బుజ్జీ.”

“నాన్నా, వీణ్ణి వరసలో నిలబెట్టి పో.” ఆమె అరచేతిలో చిటికెన వేలి గోరంత సైనికుడు ఉన్నాడు. “ఆ ఇద్దరి మధ్యన చోటుంది చూడు. అక్కడ.”

“ఇప్పుడేంది ఆటలు? బస్సు కదలాల.”

“నిలబెట్టి పో నాన్నా. అంతే.”

ఆ పిల్ల గొంతు అలా పలకగా ఎవరూ వినలేదు. సుశీల చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. మస్తాన్‌రావు కూతురి కళ్ళలోకి చూశాడు. ఆమెకు తెలిసిపోయిందని అతనికి అర్థమైంది. అయినా బొమ్మను తీసుకున్నాడు. బల్ల దగ్గర వంగి, ఊపిరి బిగబట్టి, ఎడమ చేత్తో కుడి మణికట్టును పట్టుకున్నాడు. వేళ్ళ చివర సైనికుడు గాలికి ఆకు ఊగినట్టు ఊగుతున్నాడు. కింద తగిలాడు. పక్కవాడు పడ్డాడు, వాడి మీద ఇంకొకడు. మొదటి వరస మొత్తం వెల్లకిలా పడిపోయింది.



“బండి మీద కూర్చుంటే ఆగుద్ది,” అన్నాడు మస్తాన్‌రావు బల్ల వైపే చూస్తూ. “స్టీరింగు గట్టిగా పట్టుకుంటా కదా. ఆగుద్ది.”

“నిన్న ఆగలేదుగా అన్నా,” అంది షకీలా మెల్లగా.

అతను చెయ్యి తీసి వీపు వెనక పెట్టుకున్నాడు. “ఆగలా. మేకా లేదు, ఏమీ లేదు.”

మంచం మీద వెంకాయమ్మ లేచి కూర్చుంది. “ఒరేయ్ మస్తానూ, మీ నాన్నకు కూడా ఇట్టాగే మొదలైందిరా.”

“తెలుసమ్మా. చివరికి ముద్ద కూడా నువ్వే పెట్టావుగా ఆయన నోట్లో. పక్కన కూర్చుని చూసినోణ్ణి. ఇంక ఇంట్లో ఎట్టా చెప్పమంటావు?”

సుశీల గరిటె కింద పెట్టి మొగుడి ఎదురుగా వచ్చి నిలబడింది.  అడిగింది, “నిండుగా పోస్తే ఒలుకుద్దనా అయ్యా, సగం పొయ్యమంది?”

అతను తలూపాడు. ఆమె చీర చెంగు నోట్లో కుక్కుకుని అక్కడే గోడవారగా కూలబడింది.

షకీలా సంచి భుజానికి తగిలించుకుంది. “నేను పోయి అన్నకు ఒంట్లో బాగలేదని చెప్తా వదినా. వేరే డ్రైవర్ని ఎక్కిస్తారు.”

“బాగలేదని కాదు,” అన్నాడు మస్తాన్‌రావు. “చెయ్యి వణుకుద్దని చెప్పు. నిజమే చెప్పు. రేపు డాక్టరు దగ్గరికి పోయి, నేనే డిపోకొచ్చి రాసిస్తా.”

“మళ్ళీ సీట్లో కూర్చోనియ్యరేమో అన్నా.”

“తెలుసు. ఆ బస్సులో పిల్లలుంటారు షకీలా.”

ఆమె వెళ్ళిపోయింది. మస్తాన్‌రావు పడిపోయిన వరసను చూసి, “నా గుర్రాలు చచ్చినయ్ బుజ్జీ,” అన్నాడు. నవ్వాలని చూశాడు, నోరు వంకరపోయింది. భవిత అతని నడుమును చుట్టుకుని ఏడ్చింది. నాన్న బస్సును ఆపింది తనే. ఆపకపోతే ఏమయ్యేదో ఆమెకు తెలుసు. తెలిసినా ఏడుపు ఆగలేదు.

కొంతసేపటికి వీధి చివర రోడ్డు మీద బస్సు వెళ్ళిన చప్పుడైంది. మస్తాన్‌రావు చెవి అటే ఉంది. మలుపు దగ్గర గేరు మారింది. “వాడెవడో క్లచ్చు సరిగ్గా తొక్కట్లా,” అని గొణిగి, కుర్చీలో కూర్చున్నాడు.

సుశీల లేచి వచ్చి అతని చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పింది. ఖాకీ చొక్కా మడత పెట్టి మంచం మీద ఉంచింది. అట్టపెట్టెను కాలితో మంచం కిందకి తోసింది. పడిపోయిన సైనికులను ఒక్కొక్కరినే లేపి నిలబెట్టింది. వాళ్ళను ముట్టుకోవడం ఆమెకు అదే మొదలు. ఎటు తిప్పి నిలబెట్టాలో తెలియక కూతురి వైపు చూసింది. “అటు మొహం పెట్టాలమ్మా, నాగులేటి వైపు. యుద్ధం జరిగింది ఆ ఏటి ఒడ్డునేగా,” అంది భవిత.

తర్వాత సుశీల పొయ్యి వెలిగించి మళ్ళీ టీ పెట్టింది. సగం గ్లాసే పోసింది. తెచ్చి మొగుడి చేతికిచ్చి, తన చేతిని గ్లాసు అడుగున ఉంచింది. మస్తాన్‌రావు ఈసారి ఆమె అటు తిరిగేదాకా ఆగలేదు. అతని చెయ్యి అందరి ముందూ వణికింది. వేడి టీ ఒలికి సుశీల మణికట్టు మీదుగా కారింది.

ఆమె చెయ్యి తియ్యలేదు.