వంద గుండీల నిద్ర

కిటికీలు నాలుగూ తెరవాలి.
చాపలు పరవాలి. మధ్యలో ఒక మనిషి నడిచేంత చోటు వదలాలి.
మెట్ల మీది చెప్పులు జతలు జతలుగా సర్దాలి.
కిర్రుమనే ఫ్యాన్ ఆపేయాలి.
చివరి విశ్రాంతిలో గుండీలు వేయాలి.
ఆఖరి గుండీ పడ్డాక గంట కొట్టాలి. నెమ్మదిగా!

‘నెమ్మదిగా’ కింద రెండు గీతలు గీసి ఉన్నాయి. తలుపుకి వేలాడుతున్న ఆ అట్టముక్కని తూనీగ మళ్లీ చదివింది. అప్పటికే చెప్పులు సర్దేసింది, చాపలు పరిచేసింది. ఇక మిగిలింది గుండీలే.

తూనీగకి పదేళ్లు. అసలు పేరు స్కూల్ రిజిస్టర్‌లో ఉంది. ఒక్కచోట కుదురుగా ఉండదని అమ్మమ్మ పెట్టిన పేరే వీధంతా పిలుస్తారు.

టైలరమ్మ కొట్టు పైన ఉన్న హాల్లో అమ్మమ్మ రోజూ పొద్దున్నే యోగా నేర్పుతుంది. ఒకప్పుడు ఎనిమిది మంది వచ్చేవాళ్లు. నాలుగు నెలల కిందట వీధి చివరి గుడ్డల మిల్లు మూతపడింది. ఇప్పుడు ఇరవై ఇద్దరు వస్తున్నారు.

“పని లేని రోజు కొండంత ఉంటుంది. ఎక్కడో ఒకచోట ఎక్కడం మొదలుపెట్టాలి కదా!” అంటుంది అమ్మమ్మ.

ఆ హాల్లో ఒక పద్ధతి ఉంది. ఆసనాలన్నీ అయ్యాక అందరూ కళ్లు మూసుకుని వెల్లకిలా పడుకుంటారు. ఒక్కరు మాత్రం మెలకువగా కూర్చుంటారు. వాళ్ల పేరు కాపలా. వారానికొకరి వంతు. కాపలా ముందు రెండు గిన్నెలుంటాయి. ఒకదాంట్లో టైలరమ్మ ఇచ్చిన వంద గుండీలు. ఊపిరి ఒకసారి పీల్చి వదిలితే ఒక గుండీ రెండో గిన్నెలోకి వెళ్లాలి.

ఈ వారం మొదటిసారి తూనీగ వంతు వచ్చింది.

“గోడ గడియారం చూసి గంట కొట్టేస్తే సరిపోదా అమ్మమ్మా?” అని సోమవారమే అడిగింది.

“గడియారం ఊపిరి తీసుకోదే తల్లీ. పడుకున్నవాళ్లతో పాటు నువ్వూ ఊపిరి తీసుకో. వాళ్లకి ఎంతసేపు కావాలో నీకే తెలుస్తుంది” అంది అమ్మమ్మ.

సోమ, మంగళ, బుధవారాలు బాగానే గడిచాయి. గురువారం వచ్చింది.

“కాపలాగారూ, నా చెప్పులు జాగ్రత్త! పోయాయంటే మీ ఇంటికొచ్చి కూర్చుంటా” అన్నాడు మగ్గాల మామయ్య, మెట్లెక్కుతూ. ఇరవై రెండేళ్లు మిల్లులో మగ్గాలు నడిపాడు కాబట్టి ఆయనకి ఆ పేరు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“మీ చెప్పులు ఎవరు ఎత్తుకుపోతారు మామయ్యా? ఒకదానికి తాడు కట్టి ఉంది!”

“అదే వాటికి కాపలా!” అని నవ్వి, గొంతు తగ్గించాడు. “ఇవాళ పదింటికి బ్రెడ్ ఫ్యాక్టరీలో మెషిన్ నడిపి చూపించాలే. పని ఇచ్చేదీ లేనిదీ అప్పుడే చెప్తారట. మూడు రాత్రులుగా కంటి మీద కునుకు లేదు. మిల్లు చప్పుడు ఆగిపోయింది చూడు, దాంతోపాటే నిద్రా పోయింది. ఇక్కడ మాత్రం ఇంతమంది కలిసి ఊపిరి తీసుకుంటుంటే మిల్లు నడుస్తున్నట్టే ఉంటుంది. ఇట్టే పట్టేస్తుంది. నీ గుండీలే దిక్కు!”

తూనీగ తల ఊపింది. కానీ చెవులు కిటికీ వైపున్నాయి. కింద ట్రింగ్ ట్రింగ్‌మని సైకిల్ బెల్లు. పక్కింటి చిట్టి కొత్త సైకిల్! క్లాసు కాగానే ఒక రౌండ్ ఇస్తానంది. ఆలస్యమైతే స్కూలు టైమైపోతుంది.

ఆసనాలు అయిపోయాయి. అందరూ పడుకున్నారు. హాలు నిశ్శబ్దమైంది.

ఒక గుండీ. రెండు గుండీలు. మూడు.

ట్రింగ్ ట్రింగ్!

తొంభై ఏడు ఇంకా మిగిలే ఉన్నాయి. అప్పుడు తూనీగకి ఒక ఉపాయం తట్టింది. ఊపిరికి ఒక గుండీ అన్నారు గానీ, ఊపిరి ఎంత పొడుగుండాలో అట్టముక్క మీద రాయలేదుగా!

నోరు తెరిచి, ఎండలో పరిగెత్తిన కుక్కపిల్లలా హహహహ అని ఊపిరి తీసుకుంది. గుండీలు టపటపా పడ్డాయి. ఒక్క గుండీ కూడా ఎగ్గొట్టలేదు. మూడు నిమిషాల్లో వందా అయిపోయాయి.

ఠంగ్!

మగ్గాల మామయ్య ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. ఎక్కడున్నాడో తెలియనట్టు చుట్టూ చూశాడు. “అప్పుడే అయిపోయిందా?” అని తనలో తనే అనుకుని, చాప చుట్టుకున్నాడు. అమ్మమ్మ తూనీగ వైపు చూసింది. తూనీగ అప్పటికే మెట్లు దిగుతోంది.

సైకిల్ రౌండ్ బాగుంది. రెండు రౌండ్లు తిరిగింది.

సాయంత్రం స్కూల్ గౌనుకి ఊడిన హుక్కు కుట్టించుకుందామని టైలరమ్మ కొట్టుకి వెళ్లింది. మగ్గాల మామయ్య అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

“నా వంతు వచ్చేదాకా బెంచీ మీద కూర్చోమన్నారు. కూర్చున్నవాణ్ని కూర్చున్నట్టే నిద్రపోయాను” అంటున్నాడు టైలరమ్మతో. “మూడుసార్లు పిలిచారట. ‘మెషిన్ దగ్గర కునికేవాడు మాకెందుకయ్యా’ అన్నాడు సూపర్‌వైజరు. బతిమాలితే శనివారం పదింటికి ఇంకొక్కసారి రమ్మన్నాడు. ఎవర్నని ఏం లాభం? నా పాడు నిద్ర! రమ్మన్నప్పుడు రాదు, వద్దన్నప్పుడు వస్తుంది.”

తూనీగ చేతిలోని గౌను ముద్దలా నలిగిపోయింది.

“మామయ్యా... మీ నిద్ర తప్పు కాదు. నేను కుక్కపిల్లలా ఊపిరి తీసుకున్నాను.”

“ఏంటీ?”

ఎలా తీసుకుందో చేసి చూపించింది. టైలరమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని నవ్వలేక అవస్థ పడింది. మామయ్య కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగి, ఎర్రటి కళ్లు నులుముకున్నాడు. “సరేలే. చెప్పావు కదా” అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది తూనీగకి.

ఇంటికెళ్లి అమ్మమ్మకీ చెప్పింది. అమ్మమ్మ కూడా తిట్టలేదు. “గుండీ వేసే ముందు వాళ్ల ముఖాలు చూడు” అంది అంతే.

శనివారం. మగ్గాల మామయ్య మెట్లెక్కాడు. తాడు కట్టిన చెప్పు విప్పి, మెల్లగా లోపలికి వచ్చాడు. ఆ చెప్పుల్ని తూనీగ అన్నిటికంటే ముందు పెట్టింది, దిగగానే తొడుక్కోవడానికి వీలుగా.

అందరూ పడుకున్నారు. తూనీగ వాళ్ల ముఖాలు చూసింది. టైలరమ్మ నుదుటి మీద ముడత మెల్లగా విడిపోతోంది. కిటికీ తెర లోపలికి ఉబ్బి మళ్లీ వెనక్కి వాలుతోంది, హాలే ఊపిరి పీలుస్తున్నట్టు. తూనీగ కూడా వాళ్లతో పాటే పీల్చింది. వాళ్లతో పాటే వదిలింది.

ఒక గుండీ.

అందరి ఊపిరీ ఒక్కటైంది. ఎక్కడో దూరంగా మగ్గాలు కదులుతున్నట్టు, దారాలు అటూ ఇటూ నడుస్తున్నట్టు చప్పుడు. పొద్దుటి వెలుగు తెల్లని గుడ్డలా నేల మీద పరుచుకుంటూ వస్తోంది. దాన్ని వీళ్లందరూ కలిసి నేస్తున్నారేమో అనిపించింది. నీలం గుండీ. తెల్ల గుండీ. చిన్న ఎర్ర గుండీ. కింద ట్రింగ్ ట్రింగ్ వినిపించింది. ఏ వీధిలోనో మోగినట్టుంది.

నూరో గుండీ పడింది. తూనీగ గంట కొట్టే కర్ర అందుకుంది.

మగ్గాల మామయ్య నోరు కాస్త తెరిచి, చంటిపిల్లాడిలా నిద్రపోతున్నాడు.

తూనీగ గోడ గడియారం చూసింది. ఇంకా ఏడున్నర కాలేదు, మామయ్య వెళ్లాల్సింది పదింటికి. అమ్మమ్మ వైపు చూసింది. అమ్మమ్మ ఒక కన్ను తెరిచి, మళ్లీ మూసుకుంది.

తూనీగ కర్ర కింద పెట్టేసింది. రెండో గిన్నెలోంచి ఒక గుండీ తీసి, చప్పుడు కాకుండా మొదటి గిన్నెలో వేసింది.

ఒకటి.

మెలకువ వచ్చినవాళ్లు కొందరున్నారు. టైలరమ్మ కాలి వేలు కదిలింది, మళ్లీ ఆగింది. ఎవరూ లేవలేదు. ఎవరూ దగ్గలేదు. కింద సైకిల్ బెల్లు కాసేపు మోగి, విసిగి వెళ్లిపోయింది.

అరవై మూడో గుండీకి మగ్గాల మామయ్య తనంతట తనే కళ్లు తెరిచాడు. కళ్లు తెల్లగా ఉన్నాయి. తూనీగ అప్పుడు గంట కొట్టింది. నెమ్మదిగా.

ఆయనకి ఆ పని దొరికింది. ఇప్పుడు రాత్రి షిఫ్టు దిగి, వేడి బ్రెడ్ వాసనతో నేరుగా హాలుకి వస్తాడు. చెప్పులు కూడా కొత్తవి.

పిల్లలూ, మీరు ఎప్పుడైనా హాయిగా నిద్రపోయి లేస్తే, ఆ సేపంతా ఎవరో ఒకరు మీ పక్కన మెలకువగా కూర్చునే ఉంటారు. వాళ్లని ఒకసారి తలుచుకోండి. వాళ్లతో పాటు, ఆడుకోవాల్సిన పొద్దున రెండోసారి గుండీలు వేసిన మా తూనీగని కూడా.