నలభై ఒకటో సాక్సు

"నవ్వకూడదని ఎక్కడైనా బోర్డు పెట్టారా?" అని ఆమె నన్ను నిలదీసింది.

"తాకకూడదని పెట్టారండీ. నవ్వు సంగతి రాయలేదు. కాస్త మెల్లగా నవ్వితే చాలు," అన్నాను.

మిల్వాకీలో ఒక మ్యూజియంలో పదకొండేళ్లుగా గార్డుని. "చెయ్యి వెయ్యకండి" అనడమే నా ఉద్యోగం. ఆ శీతాకాలం నేను కాపలా కాసే గదిలో ఒక శిల్పి, చనిపోయిన తన భర్తవి జోడీ లేని సాక్సుల్ని ప్రదర్శనకు పెట్టింది. బట్టలారేసే తాడు మీద నలభై. ఒక్కోదాని కింద, రెండోది ఏమైందో చెప్పే చీటీ. "కుక్క నమిలేసింది." "లాండ్రీలో మాయమైంది. ఆయన నన్నే అనుమానించాడు."

నన్ను నిలదీసిన సందర్శకురాలు చీటీ చీటీకీ నవ్వుకుంటూ వెళ్లి ఆఖరిదాని దగ్గర ఆగిపోయింది. ఆ చీటీలో ఇలా ఉంది: "శవపేటికలో పడుకోబెట్టే ముందు సాక్సులు తెమ్మన్నారు. ఏడుపులో చూసుకోలేదు. దీని జోడీ ఆయన కాలికే ఉండిపోయింది."

జేబులోంచి టిష్యూ తీసిచ్చాను. ముక్కు చీదుకుని నా కాళ్లవైపు చూసింది.

"కుడికాలిది నలుపు, ఎడమకాలిది నీలం. ఇంట్లో చెప్పేవాళ్లు లేరా, కాజిమిర్ గారూ?" నా పేరు బ్యాడ్జీ మీద ఉంటుంది.

"లేరండీ."

"అలాగా," అని మళ్లీ నవ్వింది. తన పేరు ఇంగ్రిడ్ అని చెప్పింది.

ఆ తర్వాత ప్రతి గురువారం వచ్చేది. ఆ రోజు టికెట్ ఉండదు. డ్యూటీలో కబుర్లు పనికిరావు కాబట్టి నేను రెండు ముక్కలకు మించి మాట్లాడలేదు. ప్రదర్శనకు ఆఖరి గురువారం రానే వచ్చింది. బయట కలుద్దామని ఇవాళ అడగకపోతే ఆమె ఇక రాదు. సరిగ్గా ఆ రోజే నన్ను పైఅంతస్తులో పింగాణీ గదికి వేశారు.

మూసేవేళకి దిగొచ్చి, రోజూలాగే సాక్సులు లెక్కపెట్టాను. నలభై ఒకటి.

కొసన నారింజరంగు ఉన్ని సాక్సు. "దీని జోడీ నా దగ్గరుంది. రేపు శుక్రవారం ఐదింటికి వంతెన పక్క చర్చిలో చేపల వేపుడు తింటుంటాను."

ఇలాంటిది కనబడితే ముట్టుకోకుండా సూపర్‌వైజరుకి ఫోన్ చెయ్యాలి. కెమెరా నావైపే ఉంది. భయమేసింది. అయినా చెయ్యి వేశాను.

మా ఊళ్లో శుక్రవారాలు చర్చిల్లో చేపల వేపుడు భోజనం అమ్ముతారు. మర్నాడు ఆ చర్చి బేస్‌మెంటులో క్యూ మెట్లదాకా ఉంది. ఇంగ్రిడ్ ముందు నా కాళ్లే చూసింది. ఒకటి నలుపు, ఒకటి నారింజ.

"చెయ్యి వెయ్యకూడదన్నది మీరేగా?"

"అవును. పొద్దున్నే వెళ్లి ఒప్పేసుకున్నాను. వారం రోజులు ఇంట్లో కూర్చోమన్నారు."

ఆమె మొహం వాడిపోయింది. "నావల్లేగా?"

"నావల్లే. మీరంటే ఇష్టం. సాక్సు తిరిగిచ్చేయమంటారా?"

"ఉంచుకోండి. కానీ నాకంటే ముందు పోకండి. చీటీలు రాయడం నావల్ల కాదు."

"ఒకటి రాశారుగా."

"అదే ఆఖరిది," అంది ఇంగ్రిడ్, నా చెయ్యి పట్టుకుని.