గిన్నెకు దుప్పటి

ఆదివారం పొద్దున్నే వంటమాస్టారు పొయ్యి మీంచి దింపిన పప్పుగింజల గిన్నెను తన మంచం మీద పెట్టి, పాత దుప్పటి నాలుగు మడతలు చుట్టి, చుట్టూ దిండ్లు సర్దారు. ఆయన వయసువాళ్ళు మనవల్ని నిద్రపుచ్చుతారు. ఆయనకేమో నెల రోజులుగా గిన్నెను నిద్రపుచ్చే ఉద్యోగం పడింది.

"తాతయ్యా, జో కొట్టావా?" అంది గుమ్మంలోంచి రెండో తరగతి చదివే మనవరాలు.

"కొట్టాను. గట్టిగా మాట్లాడకు, లేచి కూర్చుంటుంది," అన్నారాయన.

మనవరాలు కిలకిలా నవ్వి, ఆ గదిలో దీపం ఆర్పేసి వెళ్ళిపోయింది. ఇంట్లో దీపాలార్పే అధికారం ఆ పిల్లకు ఇచ్చారు. ఇచ్చినప్పటి నుంచి ఒక్కరినీ వదలడం లేదు. నిన్న సాయంత్రం వాళ్ళ నాన్న ఒంటినిండా సబ్బుతో ఉండగానే స్నానాల గదిలో దీపం ఆర్పేసింది. అతను చీకట్లో చెంబు వెతుక్కుంటూ బతిమాలుకోవలసి వచ్చింది.

కరెంటు బిల్లూ గ్యాస్ ధరా పోటీలు పడి పెరిగిన నెలలోనే, అల్లుడికి ఓవర్‌టైం ఆగిపోయింది. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. రోజూ పదిమందినీ పై అంతస్తులకు చేర్చే మనిషే గానీ, ఆ జీతం మాత్రం ఎన్నడూ కింది అంతస్తు దాటలేదు. కూతురు కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు బిగిస్తుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఊరుకోని చెయ్యి ఆమెది. ఆ చేత్తోనే ఇంటికి పద్ధతులు రాసింది. సాయంత్రం అందరూ ఒకే గదిలో, ఒకే దీపం కింద. ఇస్త్రీ వారానికి ఒక్కసారి. వేడినీళ్ళు మనిషికో బకెట్టు. గింజలు పది నిమిషాలు బాగా తెర్లాక దింపి, దుప్పటి చుట్టి మూడు గంటలు వదిలెయ్యాలి. లోపలి వేడికే మెత్తబడతాయి.

"కానీ మధ్యలో మూత తియ్యకూడదు నాన్నా," అని మరీ మరీ చెప్పింది.

ముప్ఫై నాలుగేళ్ళు హాస్టల్లో పూటకు మూడు వందల కంచాలకు వండిన మనిషికి ఆ మాట మింగుడు పడలేదు. మూత తియ్యకుండా, గరిట పెట్టకుండా, పక్కన నిలబడకుండా వంటేమిటి? అయినా ఇల్లు వాళ్ళది, బిల్లు వాళ్ళది అనుకుని తలాడించారు.

ఎనిమిదేళ్ళ కిందట భార్య పోయాక కూతురి దగ్గరికి వచ్చేశారు. అల్లుడింట్లో ఉండడం చిన్న విషయమేమీ కాదు. అందుకే వచ్చిన మర్నాడే వంటింట్లోకి దూరి, ఎవరినీ గరిట ముట్టుకోనివ్వలేదు. అందరికంటే ముందు లేచేవారు. అందరికీ వడ్డించి, చివర్న స్టవ్ పక్కన నిలబడి రెండు ముద్దలు తినేవారు. ఇప్పుడేమో ఏడుంపావుకల్లా వంట అయిపోతోంది. మిగిలిన పొద్దంతా ఏం చేసుకోవాలి?

అందరూ వెళ్ళాక ఆయన మంచమెక్కి గిన్నె మూటకు వీపు ఆనించి కూర్చునేవారు. కిటికీలోంచి ఎండ మెల్లగా పాకి పాదాల మీదికొచ్చేది. వీపులోకి వెచ్చదనం ఎక్కుతుంటే, ఎన్నేళ్ళ అలసటో వదులవుతున్నట్టుండేది. రెప్పలు ఎప్పుడు వాలేవో తెలిసేది కాదు. కలలో హాస్టలు వంటిల్లు కనిపించేది. ఒక్క పొయ్యీ వెలిగి ఉండేది కాదు. కప్పు దాకా తెల్లటి ఆవిరి మాత్రం తేలుతుండేది. ఆ ఆవిరిలో బియ్యం బస్తా మీద కూర్చుని ఆయన భార్య కంచాలు తుడుస్తుండేది. ఎన్ని తుడిచినా ఇంకా ఉండేవి. ఆమెకు తొందరేమీ ఉండేది కాదు.

"కాసేపిలా కూర్చోండి," అనేది తలెత్తకుండా.

"పొయ్యి మీద ఉందే," అనేవారు ఆయన.

"ఏముంది?" అని అడిగేది.

తిరిగి చూస్తే పొయ్యి మీద ఏమీ ఉండేది కాదు. ఉలిక్కిపడి లేచేవారు. అల్లుడింట్లో పట్టపగలు నిద్రపోయానని సిగ్గు ముంచుకొచ్చేది. గబగబా దుప్పటి విప్పి, మూత తీసి, ఒక గింజ కొరికి చూసేవారు. గట్టిగా తగిలేది. వెంటనే స్టవ్ వెలిగించి, పక్కనే అరగంట నిలబడి ఉడికించి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు దుప్పటి చుట్టేసేవారు. నిలబడ్డాక గానీ మనసు కుదుటపడేది కాదు.

ఆ ఆదివారం అందరూ ఇంట్లోనే ఉన్నారు. మనవరాలు దీపం ఆర్పేసి వెళ్ళాక మాస్టారు వంటింట్లోకి వచ్చేసరికి, కూతురు టీకి నీళ్ళు పెట్టింది. నీళ్ళు కాగకముందే మంట నీలంగా వణికి ఆరిపోయింది. ఆమె గ్యాస్ బండను కదిపి చూసింది. తర్వాత గోడ మీది క్యాలెండరు దగ్గరికి నడిచింది.

"నలభై అయిదు రోజులు రావాలి. ముప్ఫై కూడా రాలేదు."

"లీకేమో చూస్తానుండు," అన్నాడు అల్లుడు.

"లీకైతే వాసన రాదా? ఎవరో వాడుతున్నారు."

పగలు ఇంటిపట్టున ఉండే ఆ 'ఎవరో' ఎవరో చెప్పక్కర్లేదు. మాస్టారికి తల కొట్టేసినట్టయింది.

"నేనేనమ్మా. మీరు వెళ్ళాక అరగంట మంట పెడుతున్నాను."

"రోజూనా?"

"రోజూ."

"మరి ఎంత బాగా ఉడికాయో అని నేను మురిసిపోతుంటే, 'నీ ఉపాయమే ఉపాయం' అన్నావుగా."

"మూత తీసి చూస్తే గట్టిగా ఉన్నాయి. ఏం చెయ్యమంటావు?"

"మూతెందుకు తీశావు? తీస్తే వేడి పోదూ? ఇన్నేళ్ళు వండినవాడివి, ఆ మాత్రం తెలీదా నీకు?"

తెలుసు. అందరికంటే ఆయనకే బాగా తెలుసు.

"పోనీలెద్దూ, పొద్దున్నే పెద్దాయన్ని పట్టుకుని," అన్నాడు అల్లుడు.

"మీరుండండి," అని ఆమె గుమ్మంలో ఉన్న పిల్ల వైపు తిరిగింది. "కొత్త బండ రేపటిగ్గానీ రాదు. తాతయ్య మంచం కింద ఇంకో దుప్పటి ఉంటుంది, తీసుకురా. దాన్ని కూడా చుడదాం."

పిల్ల వెళ్ళి, కాసేపటికి ఒక పెద్ద సంచీ ఈడ్చుకుంటూ వచ్చింది.

"దుప్పటి ఇందులో ఉందమ్మా. తాతయ్య చొక్కాలు కూడా ఉన్నాయి. అన్నీ."

కూతురు సంచీ తెరిచింది. చొక్కాలు, మందులు, గుడ్డలో చుట్టిన భార్య ఫొటో.

"ఇదేమిటి నాన్నా?"

"పాత హాస్టలు మేనేజరు ఫోన్ చేశాడు. వంటమనిషి లేడట. గది ఇస్తారు. రేపు వస్తానని చెప్పాను."

"డెబ్భై ఒకటో ఏట ఉద్యోగానికా? మాకు చెప్పకుండానా?"

"చేతులు బాగానే ఉన్నాయమ్మా."

అల్లుడు ఒక్కడుగు ముందుకు వేశాడు. "మామయ్యా, నేనెప్పుడైనా మిమ్మల్ని ఒక మాటన్నానా?"

"లేదు బాబూ. ఎనిమిదేళ్ళలో ఒక్క మాట అనలేదు. అనుంటే బదులు చెప్పుకుని తేలికపడేవాణ్ణి." మాస్టారు సంచీ వైపు చూశారు. "అల్లుడింట ఊరికే తినకూడదని ఒట్టు పెట్టుకుని వచ్చాను. వండి పెడుతున్నాను, నా తిండి నేనే సంపాదించుకుంటున్నానని ధైర్యంగా ఉన్నాను. ఇప్పుడు వంట దుప్పటి చేస్తోంది. ఇంక నేనెందుకు? ఒక మనిషి తగ్గితే మీకు ఆ నీళ్ళూ, ఆ దీపమూ కలిసొస్తాయి."

"ఈ ఇల్లు అద్దెది మామయ్యా. ఇందులో మనమందరం పరాయివాళ్ళమే," అన్నాడు అల్లుడు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

కూతురు మాత్రం సంచీ పక్కనే నేల మీద కూలబడింది.

"గ్యాస్ కోసమే మొదలుపెట్టాను, అబద్ధమెందుకు? రెండోరోజు దుకాణం తాళాలు మరిచిపోయి వెనక్కొచ్చాను. నువ్వు ఆ గిన్నెకు ఆనుకుని నిద్రపోతున్నావు. నోరు తెరుచుకుని, పసిపిల్లాడిలా." ఆమె కళ్ళు తుడుచుకుంది. "నువ్వు నిద్రపోతుంటే నేనెప్పుడూ చూడలేదు నాన్నా. చిన్నప్పుడు నేను లేచేసరికే హాస్టలుకి వెళ్ళిపోయేవాడివి. నేను పడుకున్నాక వచ్చేవాడివి. ఇక్కడికొచ్చినా అంతే. ఆ రోజు గుమ్మంలో ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు. దుకాణానికి ఆలస్యమై మాట పడ్డాను. రేపు గ్యాస్ ఉచితంగా ఇస్తామన్నా నేనీ దుప్పటి మానను. నాన్న కూర్చుంటున్నాడు, అది చాలు అనుకున్నాను. నువ్వేమో మేం వెళ్ళగానే లేచి నిలబడుతున్నావు."

మాస్టారు కూతురి తల మీద చెయ్యి వెయ్యబోయి ఆగారు. తర్వాత వేసేశారు.

"తెలీలేదు తల్లీ," అన్నారు. "కూర్చుంటే బరువైపోతాననుకున్నాను."

ఆ పూట మంట లేదు కాబట్టి మూత తీసినా చేసేదేమీ లేదు. రెండో దుప్పటి కూడా చుట్టి, నలుగురూ ఆ మంచం మీదే చేరారు. మనవరాలు మూట మీద చెవి పెట్టి "ఏదో మాట్లాడుతోంది" అంది. అల్లుడు ఒకవైపు, కూతురు ఒకవైపు, మధ్యలో మాస్టారు. గదిలో దీపం లేదు, కిటికీలోంచి వచ్చిన ఎండ ఉంది. ఎక్కడో వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టారు. వెచ్చదనం ఒకరి నుంచి ఒకరికి పాకుతుంటే మాటలు తగ్గిపోయాయి. మాస్టారు మళ్ళీ ఆ తెల్లటి ఆవిరిలోకి వెళ్ళారు. భార్య బస్తా మీద కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది. ఆయన ఈసారి పొయ్యి వంక చూడకుండా కూర్చున్నారు. ఆమె తుడిచిన కంచం ఒకటి చేతికిచ్చింది.

"నాన్నా, లే. తిందాం," అని కూతురు భుజం తట్టేసరికి పన్నెండు దాటింది. గింజలు వేలితో నొక్కితే వెన్నలా ఉన్నాయి. ఆయన అలవాటుగా గరిట అందుకోబోయారు. కూతురు దాన్ని లాక్కుని, ఆయన్ని నడుం పట్టి కుర్చీలో కూర్చోబెట్టి, మొదటి కంచం ఆయన ముందే పెట్టింది.

"ఉప్పు తక్కువైంది," అన్నారు మాస్టారు ఒక ముద్ద తిని. ఆ వెంటనే ఆయన కళ్ళు నిండాయి. మనవరాలు తప్ప అందరూ కంచాల్లోకి చూసుకున్నారు. పిల్ల మాత్రం ఉప్పుడబ్బా తెచ్చి ఆయన పక్కన పెట్టింది.

అప్పుడే ఫోన్ మోగింది. హాస్టలు మేనేజరు.

"రేపు పొద్దున్నే వచ్చేస్తున్నట్టేగా మాస్టారూ?"

"రాలేను బాబూ. ఏమీ అనుకోకు. ఇంట్లో పనుంది."

"ఈ వయసులో అంత పనేముందండీ మీకు?"

మాస్టారు బల్ల చుట్టూ చూశారు. కూతురు తినడం ఆపి ఆయన వంకే చూస్తోంది.

"కూర్చుని తినాలయ్యా," అన్నారు. "ఎప్పుడూ చెయ్యలేదు. ఇప్పుడే నేర్చుకుంటున్నాను."