శోకానికి చిలకపచ్చ

శోకస్థాయి ఏడు దాటింది. స్టూడియోలో చీరల రంగులు చూసే తాయారు మీట నొక్కగానే, మేఖల కట్టుకున్న చీరలోని చిలకపచ్చ మెల్లగా ఇంకిపోయి బూడిదరంగు మిగిలింది. సినిమాలో బిడ్డ పోయిన తల్లికి వర్ణనాడి యంత్రం ఇచ్చే రంగు అదే. కోటిమంది ప్రేక్షకుల గుండెచప్పుడు కొలిచి తేల్చిన రంగు. దానికి ఎదురు చెప్పినవాళ్లు ఆ స్టూడియోలో లేరు.

మేఖల వేస్తున్న పాత్ర సీతాలు. చేపలమ్మే మనిషి, నోరు పెద్దది, చిలకపచ్చ తప్ప మరో రంగు కట్టదు. సినిమా సగంలో ఆమె కూతురు సముద్రం పాలవుతుంది.

"అద్దంలో సీతాలు కనబడట్లేదు తాయారక్కా," అంది మేఖల. "పోయింది పిల్ల కదా, తల్లిని కూడా ఎందుకు చెరిపేస్తున్నారు?"

తాయారు కూతురు పోయిననాడు ఆమె ఒంటిమీద నేరేడుపండు రంగు చీర ఉంది. ఆ పిల్ల ఏరి కొన్నదే. 'నలుగురూ వచ్చే వేళ ఆ రంగేమిటి వదినా' అంటూ ఆడపడుచు వెలిసిన చీర తెచ్చి కట్టించింది. లోకులు కాకులంటారు. ఆ కాకుల అరుపుకే జడిసి, బిడ్డను చివరిసారి ఒళ్లో పడుకోబెట్టుకున్న చీరను వదిలేసింది. తర్వాత వెతికితే దొరకలేదు. ఆ బాధ ఈనాటికీ ఆమెను నిద్రపోనివ్వదు.

ఆమె మీట వెనక్కి తిప్పింది. చీరలోకి చిలకపచ్చ తిరిగొచ్చింది.

వర్ణాధికారి రహమతుల్లా పరుగున వచ్చాడు. "ఏం జేసినవ్ తాయారమ్మా? జనం ఏడ్వరు. నీ కొలువు పోతది."

"పోనీయండి. సీతాలు ఏడుస్తోంది, నాకది చాలు."

'పాత్రకు శోకం ఉందా?' అని వర్ణనాడి తెర మీద అడిగింది. ఉందని తాయారు నొక్కింది. 'రంగు తీసివేయాలా?' వద్దని నొక్కింది.

ఆ రెండు జవాబులూ కలిసి రావడం యంత్రం ఎన్నడూ ఎరగదు. కాసేపు తటపటాయించింది. తర్వాత, వేరే సినిమాల కోసం గాజు పెట్టెల్లో వేలాడుతున్న తల్లుల చీరలన్నీ బూడిదరంగు కోల్పోయి వట్టి నూలుగా మిగిలాయి. ప్రతి పెట్టె మీదా ఒకే ప్రశ్న వెలిగింది: 'ఈ తల్లి ఎవరు?'

"ఇంతమంది తల్లుల గురించి ఎవరు చెప్తరమ్మా?" అన్నాడు రహమతుల్లా, తల పట్టుకుని.

"యంత్రం అడిగింది కదా, చెబుదాం."

తాయారు కళ్లు తుడుచుకుని మొదటి పెట్టె దగ్గరికి నడిచింది. అందులోని తల్లి బస్సు కండక్టరు. పెట్టెకు తగిలించిన కథంతా తిరగేసింది. కొడుకు ఎలా పోయాడో పుటలకొద్దీ ఉంది. ఆమెకు ఏ రంగంటే ఇష్టమో ఎవరూ రాయలేదు.