ఆకు పెట్టని మనిషి

"ఆ డబ్బ నేను మొయ్య. ట్రెక్కింగ్‌కు ఎవరన్న స్టీలు డబ్బ తెస్తరా? అందరు నవ్వుతరు." కావ్య డబ్బాను టేబుల్ మీద అవతలికి నెట్టింది.

"నవ్వితే నవ్వనీ. ప్లాస్టిక్‌ల పెడితే రొట్టె చెమటపడ్తది." గంగుబాయి దాన్ని మళ్లీ ఇవతలికి నెట్టింది. "మేము కట్టెలకు గుట్టెక్కినం. మీరు ఫోటోలకు ఎక్కుతున్నరు. ఆకలి మాత్రం అందరికి ఒక్కతీరే అయితది."

"అత్తమ్మా, రేపు అది పోతదని ఎవరన్నరు?" పొయ్యి దగ్గరి నుంచి తిరగకుండానే అంది భాగ్యలక్ష్మి. "నేను వద్దన్న."

వరసగా మూడో శనివారం ఇదే గొడవ. ఆమె భర్త పరమేశ్వర్ పేపరు మడిచి పక్కన పెట్టాడు. ముప్ఫై ఏళ్లుగా బడిలో పిల్లల తగాదాలు తీర్చినవాడికి ఇంట్లో తగాదా మాత్రం అంతుపట్టడం లేదు.

"కారణం చెప్పు భాగ్యా. పిల్లకు ఇరవై ఏండ్లొచ్చినయి."

"గుట్టల పాములుంటయి."

"పోయిన వారం ఎలుగుబంట్లన్నవు. అంతకుముందు వానన్నవు." కావ్య వేళ్లు మడిచి చూపించింది. "వచ్చే వారం పులి అంటవా?"

భాగ్యలక్ష్మి రొట్టె తిప్పింది. అంచు మాడింది. చెప్పగలిగిన కారణాలన్నీ అయిపోయాయి. చెప్పకూడని కారణం ఒక్కటే మిగిలింది.

ఇంట్లోవాళ్లకు ఆమె పసుపు నాణ్యత చూసే ఇన్‌స్పెక్టర్. చేతి సంచిలో తేమ మీటరు పెట్టుకుని బాల్కొండ నుంచి బోధన్ దాకా తిరిగే ఉద్యోగం. అసలు ఉద్యోగం పేరు ఏ కాగితం మీదా ఉండదు. పందొమ్మిదేళ్లుగా ఆమె కేంద్ర నిఘా విభాగం ఏజెంట్. ఏడు వారాలుగా ఆమె కన్నేసి ఉంచిన ముఠా, 'అడవిబాట' అనే ట్రెక్కింగ్ క్లబ్బు ముసుగులో సిరికొండ గుట్టల్లో తిరుగుతోంది. కావ్య పేరు నమోదు చేసుకున్నది ఆ క్లబ్బులోనే.

ఫోన్ మోగింది. మెసేజ్: "శాంపిల్‌లో తేమ పదకొండు శాతం."

వెంటనే రమ్మని దాని అర్థం.

మార్కెట్ యార్డు వెనక పాత పసుపు పాలిషింగ్ షెడ్డు. సీజన్ కాకపోయినా డ్రమ్ము తిరుగుతోంది. అందులో ఉన్నది పసుపు కాదు, గులకరాళ్లు. ఆ చప్పుడులో ఏ మైక్‌కూ మాట చిక్కదు. చీఫ్ దేవిదాస్ మ్యాపు పరిచాడు.

"టార్గెట్, గుట్ట మీది డిఫెన్స్ సిగ్నల్ టవర్. రేపు పొద్దున పదింటికి ఫస్ట్ ట్రయల్. నాలుగు నిమిషాలు కోడ్ గాల్లో ఉంటుంది."

"వాళ్ల డివైస్?"

"పవర్ బ్యాంక్ రూపంలో ఉంది. కంచె దగ్గర పెడితే చాలు. వినగానే శాటిలైట్‌కు పంపేస్తుంది. ఆ తర్వాత సరిహద్దులో మన కాన్వాయ్ ఎప్పుడు కదిలినా వాళ్లకు తెలిసిపోతుంది."

"ఎవరు మోసుకుపోతరు?"

"ట్రెక్కర్లలో ఎవరో ఒకరు. వాళ్లకే తెలియకుండా."

"ట్రయల్ ఆపెయ్యొచ్చు గద సార్?"

"ఆపితే ముఠా మాయమవుతుంది. ఆ డివైస్ మన చేతికి రావాలి." దేవిదాస్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ అమ్మాయిని పంపాలి, భాగ్యలక్ష్మీ. ఇప్పటికే రెండుసార్లు రాలేదు. మూడోసారీ రాకపోతే, ఆపే తల్లి ఎవరా అని ఆరా తీస్తారు. భయం లేదు. పక్కన శ్రీవాణి ఉంటుంది."

శ్రీవాణి క్లబ్బు లీడరు. నల్ల కళ్లద్దాలు, ఎర్ర తోలు బూట్లు, ఆమె నవ్వితే కుర్రాళ్లు దారి మరచిపోతారు. ముఠా దగ్గర జీతం తీసుకుంటూ కబుర్లు దేవిదాస్‌కు చేరవేసే డబుల్ ఏజెంట్. ఆమె ఫైల్లో ఉన్న ఒక వాక్యం భాగ్యలక్ష్మికి నోటికి వచ్చు: పుట్టింది సిరికొండలో, చిన్నప్పుడు మేకలు కాసింది ఆ గుట్ట మీదే.

ఇల్లు చేరగానే చెప్పులు విడవకుండానే అంది, "పో, కావ్యా."

కావ్య అనుమానంగా చూసింది. "పులి ఏమైంది?"

"ఆదివారం దానికి సెలవంట."

కూతురు నవ్వి మెడ చుట్టూ చేతులు వేసింది. మరునాడు తెల్లవారి స్టీలు డబ్బాను బ్యాగు అడుగున తనే సర్దింది. గడప దగ్గర గంగుబాయి మనవరాలికి మరోసారి చెప్పింది.

"మా ఊరి గుట్ట అది. ఆకుల మైసమ్మ కాడ ఆకు పెట్టుడు మరువకు. రెమ్మ మొదలు నువ్వు పోయే దిక్కుకు ఉండాలె. అట్లయితేనే తల్లి ఎంబడి వస్తది."

"చిన్నప్పటిసంది పెడుతనే ఉన్న గదనే అవ్వా."

రెండు గంటల తర్వాత గుట్ట కింద ఒక ముసలామె సీతాఫలాల గంప ముందు కూర్చుంది. నెరిసిన జుట్టు, గారపట్టిన పళ్లు, కాయలు కోసే కొక్కెం కట్టె. ముక్కుపుల్లలో మైకు, చెవి కమ్మలో స్పీకరు. గంపలో ఆకుల కింద తేమ మీటరు. దాని సూది తేమకే కాదు, దొంగ సిగ్నల్‌కూ కదులుతుంది.

ట్రెక్కర్లు వచ్చారు. శ్రీవాణి వంగి ఒక కాయ నొక్కి చూసింది.

"కండ్లు తెరిచినయా అవ్వా?"

"ఇంకొక్క పొద్దు ఆగాలె బిడ్డా."

కోడ్ కలిసింది. అంతా సవ్యంగా ఉందన్నమాట. వెనక నుంచి కావ్య వచ్చి, ఎదుట ఉన్నది ఎవరో పోల్చుకోకుండానే రెండు కాయలు తీసుకుంది. "మంచియి ఇయ్యి అవ్వా. మా అమ్మకు మస్తు ఇష్టం."

ముసలామె తల ఎత్తలేదు. ఎత్తితే కళ్లు పట్టిచ్చేవి.

వాళ్లు వెళ్లిన పావుగంటకు ఆమె గంప నెత్తిన పెట్టుకుని ఎక్కింది. కాలిబాట టేకుల మధ్య నుంచి మెలికలు తిరిగి, ఒకచోట రెండుగా చీలింది. ఆమె అక్కడ ఆగింది. ఎడమ దారి జలపాతానికి, కుడి దారి టవర్‌కు. చీఫ్ ప్లాన్ ప్రకారం శ్రీవాణి అందరినీ ఎడమకే తీసుకుపోవాలి, డివైస్‌ను జలపాతం దగ్గరే పట్టించాలి. చీలిక దగ్గర, బండకు ఆనుకుని ఆకుల మైసమ్మ. విగ్రహమేమీ ఉండదు. ఆ దారిన పోయేవాళ్లు ఏళ్ల తరబడి వేసిన రెమ్మల కుప్పే దేవత.

ఎండిన కుప్ప మీద పచ్చి రెమ్మ ఒక్కటే ఉంది. తంగేడు. పట్నం పిల్లలకు ఈ సంగతి తెలియదు కాబట్టి అది కావ్యదే.

దాని మొదలు కుడివైపుకు ఉంది.

భాగ్యలక్ష్మి కూర్చుని నేల చూసింది. మిగతా గుంపు ఎడమకే పోయింది. కుడి దారి మట్టిలో రెండు జతల జోళ్ల గుర్తులు. కావ్యవి ఒక జత. రెండోవి మడమ లోతుగా దిగిన బూట్లు. వెళ్లింది ఇద్దరు, ఆకు ఒకటే.

"సార్," ముక్కుపుల్లలో గుసగుసలాడింది. "శ్రీవాణి ఈ గుట్ట మనిషి కాదు. ఆకు పెట్టలే."

"దేవుణ్ణి నమ్మకపోవచ్చు కదా!"

"నమ్ముడు కాదు సార్, అలవాటు. ఈడ మేకలు కాసినోళ్లకు కాలు దానంతట అదే ఆగుతది. ఆ ఫైలే అబద్ధం. మనోళ్లను పైకి పంపుండ్రి."

జవాబు రాలేదు. చెవిలో గరగర. ఎవరో సిగ్నల్ కోసేశారు. గంపలోంచి మీటరు, కొక్కెం కట్టె తీసుకుని పరుగెత్తింది. నలభై ఆరేళ్ల మోకాళ్లు మొరాయించాయి. వాటి మాట వినలేదు.

కంచె కనిపించేసరికి తొమ్మిది యాభై ఎనిమిది. బ్యాగు కంచె పక్కన బండ మీద ఉంది. కావ్య ఫోటోకు నిలబడి ఉంది. మీటరు సూది చివరిదాకా పోయి వణుకుతోంది.

"కావ్యా! బ్యాగుల డబ్బ తియ్యి!"

ముసలామె గొంతులోంచి వంటింటి గొంతు వచ్చింది. కావ్య కొయ్యబారిపోయింది. "అమ్మా?"

శ్రీవాణి చేతిలో ఫోన్ ఉండాల్సినచోట చిన్న పిస్టల్ ఉంది. "అక్కడే ఆగు అక్కా. రెండు నిమిషాలు ఓపిక పట్టు. ఎవ్వరికీ ఏమీ కాదు."

గురి తల్లి మీద లేదు, కూతురి మీద ఉంది.

భాగ్యలక్ష్మి కట్టె జారవిడుస్తున్నట్టు వంగింది. సీతాఫలం కొమ్మను లాగినట్టే కొక్కెం ఎర్ర బూటు లేసుకు తగిలించి ఒక్క గుంజు గుంజింది. తూటా ఆకాశంలోకి పోయింది. శ్రీవాణి గులక మీద జారి, చీలమండ విరిగి, అరుస్తూ కిందికి దొర్లింది.

తొమ్మిది యాభై తొమ్మిది.

బ్యాగు బోర్లించింది. సీతాఫలాలు, నీళ్లసీసా, డబ్బా. చివరగా, ఆ పొద్దునే క్లబ్బు వాళ్లు బహుమతిగా ఇచ్చిన పవర్ బ్యాంక్. దాని మీద పచ్చ లైటు. డబ్బా మూత ఊడబెరికి రొట్టెలు పారబోసింది.

"అమ్మా, లైటు ఎర్రగైంది!"

పవర్ బ్యాంక్ డబ్బాలో పడింది. మూత బిగిసింది. క్లిప్పులు టక్కుమన్నాయి. మీటరు సూది ఒక్కసారి ఎగిరి సున్నాకు వాలిపోయింది. లోపలికి ఏ తరంగమూ పోదు, బయటికి రాదు. గుట్ట మీద టవర్ తన నాలుగు నిమిషాల పని ప్రశాంతంగా చేసుకుంది.

ఫారెస్ట్ గార్డుల ఖాకీల్లో దేవిదాస్ మనుషులు వచ్చి శ్రీవాణికి సంకెళ్లు వేశారు. నొప్పికి పళ్లు బిగించి కూడా ఆమె నవ్వింది.

"ఆ పవర్ బ్యాంక్ నీ బిడ్డ బ్యాగులో పెడతానని మీ సారుకు శుక్రవారమే చెప్పాను. నీకు చెప్పలేదా?"

భాగ్యలక్ష్మి చీఫ్ వైపు చూసింది. ఆయన కళ్లజోడు తుడుచుకుంటున్నాడు.

"తెలిస్తే పంపేదానివా?" అన్నాడు. "మిషన్ సక్సెస్, భాగ్యలక్ష్మీ."

ఆమె వెనుదిరిగి కూతురి దగ్గరికి నడిచింది. పవర్ బ్యాంక్‌తో సహా డబ్బాను వాళ్లు సీలు వేసి తీసుకుపోయారు.

తిరుగు దారిలో జీపులో కావ్య కిటికీ నుంచి తల్లి వైపు తిరిగింది.

"పాములు, ఎలుగుబంట్లు అన్నీ అబద్ధమేనా?"

"పాములు నిజంగనే ఉంటయి."

"మరి పో అన్నవు గద. అది?"

భాగ్యలక్ష్మి నెరిసిన విగ్గు తీసి ఒళ్లో పెట్టుకుంది.

సాయంత్రం చాయ్ దగ్గర నలుగురూ కూర్చున్నారు. ఆమె కప్పు కింద పెట్టింది. గొంతు పెంచలేదు.

"రేపు రాజీనామా ఇస్తున్న. అది పసుపు నౌకరి కాదు. ఏం నౌకరో, పొద్దున మన పిల్లను ఏడికి పంపిన్నో ఇప్పుడు చెప్త. అంతా విన్నంక తిట్టుండ్రి. ఇగ ఈ ఇంట్ల ఎవరికి అబద్ధం చెప్ప."

పరమేశ్వర్ చేతిలో బిస్కెట్ చాయ్‌లో కరిగిపోయింది. కావ్య కుర్చీని అంగుళం తల్లి వైపు జరిపింది.

గంగుబాయి కోడలిని పైనుంచి కిందికి ఒకసారి చూసింది.

"ఇయ్యి బిడ్డా, నీ ఇష్టం. కాని నా డబ్బ వాపసు తెచ్చినంకనే ఇయ్యి."