పరుపుల హోర్డింగు కింద కారు

"ఇది కారా?"

ఆమె నోట నేను విన్న మొదటి మాట అదే. గాలివాన వెలిసిన మర్నాడు, రిపేరు షెడ్డులో, చేతిలో అట్టకు బిగించిన కాగితాలతో నా కారు చుట్టూ రెండుసార్లు తిరిగి మరీ అడిగింది.

"మొన్నటి దాకా కారేనండీ."

"మొన్న ఏమైంది?"

"పరుపుల హోర్డింగు పడింది."

ఆమె వంగి చూసింది. టాపు మీద అతుక్కుపోయిన రేకులో 'హాయిగా పడుకోండి' అన్న అక్షరాలు ఇంకా చెక్కుచెదరలేదు. నా కారు ఆ సలహాను కాస్త ఎక్కువగానే పాటించింది.

"అప్పుడు మీరు లోపల లేరుగా?"

"ఉంటే మీరు వేరే ఫారం తెచ్చేవారు కదండీ."

పెన్ను ఆగింది. నవ్వు వచ్చినట్టే వచ్చి పెదవి చివర నిలిచిపోయింది. డ్యూటీలో నవ్వితే జీతం కోస్తారేమో అనుకున్నాను.

ఆమె ఇన్సూరెన్సు సర్వేయరు. దెబ్బతిన్న బండి బతుకుతుందో లేదో తేల్చి, దాని ఖరీదు కట్టే మనిషి. నేను కుట్టుమిషన్ల మెకానిక్కుని. ఊరూరా తిరిగి దర్జీల దగ్గర మొరాయించిన మిషన్లు తెచ్చి, బాగుచేసి ఇచ్చి వస్తాను. ఒక్కో మిషన్ తలకాయ పన్నెండు కిలోలు. కారు ఉంటే రోజుకు ఆరు. లేకపోతే నా భుజం ఒప్పుకున్నన్ని.

వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. టోటల్ లాసట. బాగుచేయించే ఖర్చు కారు ధరను మించిపోయింది కాబట్టి, హోర్డింగు పడే ముందురోజు బజారులో ఆ కారు ఎంత పలికేదో అంత ఇస్తారట. ఆ అంత, లక్షా నలభై వేలట.

ఇంటి ముందు గదిలో టైలరింగు షాపు నడిపే మా అక్క ఆ ఉత్తరాన్ని చెవిలో చాక్‌పీసు తీయకుండానే చదివింది.

"లక్షా నలభైకి ఏం కారొస్తుందిరా?"

"స్టీరింగొస్తుంది. బేరమాడితే రెండు డోర్లు."

"అయితే సంతకం పెట్టకు. పోయి మాట్లాడు."

"మాట్లాడాలా?"

"అవున్రా, నోటితో. తెరిస్తే దారం తెగిపోదులే."

ఆ వారమంతా మిషన్లు బస్సులో మోశాను. రెండోరోజు కండక్టరు మిషనుకు కూడా టికెట్టు కొట్టాడు. టికెట్టుంది కనుక అది సీట్లో కూర్చుంది. నేను నిలబడ్డాను. ఇలా ఇంకో నెల సాగితే దర్జీలు వేరే మెకానిక్కును చూసుకుంటారని నాకు తెలుసు. ఇద్దరు అప్పటికే చూసుకున్నారు.

సర్వేయరు ఆఫీసు జిరాక్సు షాపు పైమేడలో ఉంది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడ పొడుగునా చచ్చిపోయిన కార్ల ఫైళ్లు.

"కూర్చోండి. ఎంత కావాలి మీకు?"

"న్యాయంగా ఎంతైతే అంత."

"అందరూ అలాగే మొదలుపెడతారు. తర్వాత చివర ఓ సున్నా చేరుస్తారు."

"నేను సున్నాలేం తేలేదండీ. లక్షా నలభై ఎక్కణ్ణించి వచ్చిందో కనుక్కుందామని వచ్చాను."

ఆమె మూడు కాగితాలు నా ముందుకు తోసింది. "అదే మోడలు, అదే ఏడాది. నెట్లో అమ్మకానికి ఉన్న మూడు కార్లు. సరాసరి లక్షా నలభై. చాలా?"

"వీటిని మీరు చూశారా?"

"ఫోటోలున్నాయిగా."

"ఫోటోలో మా బావ కూడా బాగుంటాడండీ."

ఈసారి నవ్వు ఆపుకోవడానికి ఆమె మంచినీళ్లు తాగాల్సి వచ్చింది.

"పోయి చూడాలని రూలు లేదు," అంది గ్లాసు దించి.

"చూడకూడదనీ లేదు కదండీ."

ఆమె మూడు ఫోటోల వంక మళ్లీ చూసింది. "ఆదివారం తొమ్మిదికి, బస్టాండులో. ఆ కార్లు మంచివైతే ఆ సాయంత్రమే మీరు సంతకం పెట్టేస్తారు. నా సెలవు రోజు ఊరికే తగలేయలేను."

"మంచివి కాకపోతే?"

"అప్పుడు చూద్దాం. ముందు టైముకు రండి."

ఆదివారం టైముకు వచ్చింది నేనే. ఆమె పది నిమిషాలు లేటు. అడిగితే గొడుగు దొరకలేదంది. గొడుగు రాలేదు గానీ వాన మాత్రం టైముకే వచ్చింది.

మొదటి కారు అద్దంలా మెరుస్తోంది. అమ్మేవాడు దానికన్నా ఎక్కువ మెరుస్తున్నాడు.

"డాక్టరుగారి బండి మేడం! ఆస్పత్రికీ ఇంటికీ తప్ప ఎక్కడికీ పోలేదు."

నేను సీటుబెల్టు పట్టుకుని చివరిదాకా లాగాను. పైన నల్లగా ఉన్న బెల్టు, చుట్టలోపల మూరెడు మేర మట్టిరంగులో ఉంది. ఆమెను అరచేయి పట్టమన్నాను. ఎండిన ఒండ్రు పొడిలా రాలింది.

"వరదలో మునిగిన బండండీ ఇది. సీట్లు ఎవరైనా కడుగుతారు. బెల్టు చివర ఎవరూ కడగరు."

ఆమె అమ్మేవాడి వైపు తిరిగింది. "డాక్టరుగారు ఆస్పత్రికి ఈదుకుంటూ వెళ్లేవారా?"

అతని మెరుపు తగ్గింది.

రెండో కారు మీటరు ముప్పై వేల కిలోమీటర్లంటోంది. నేను వంగి బ్రేకు పెడలు చూపించాను. రబ్బరు అరిగి లోపలి ఇనుము తేలింది.

"ముప్పై వేలకే ఇలా అరిగిందంటే," అంది ఆమె, నేను నోరు తెరవకముందే, "తోలినవాడు గుర్రపు నాడాలు వేసుకుని ఉండాలి."

మూడో కారు కోసం బస్‌షెల్టరులోంచి ఫోన్ చేసింది. అది అమ్ముడుపోయి రెండు నెలలైందట. ఫోను బ్యాగులో పడేసి ఆ మూడు ఫోటోలూ బయటికి తీసింది.

"ఐదేళ్లయింది నేనీ పనిలో చేరి," అంది. "ఎన్ని ఫైళ్లకు ఇలాంటి ఫోటోలు అతికించానో."

దెప్పడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. అక్కయితే వదిలేది కాదు. నాకు మాత్రం దెప్పాలనిపించలేదు. పైగా నా వైపు లెక్కలోనూ ఒకటి మిగిలి ఉంది.

"నా కారుకు రెండో గేరు నిలిచేది కాదండీ. ఆర్నెల్లుగా జారిపోయేది. మీరు రాసుకోలేదు."

"నుజ్జయిపోయిన కారులో గేరు సంగతి నాకెలా తెలుస్తుంది? మీరు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసు కదండీ."

ఆమె పూర్తిగా నా వైపు తిరిగింది. ఇందాక నేను బెల్టును లాగి చూసినట్టు, నన్ను చివరిదాకా చూసింది.

"దీనికి తగ్గిస్తాను."

"తగ్గించండి."

"జోకు కాదు. పదిహేను వేలు తగ్గిస్తాను."

"పన్నెండండీ. గేరుబాక్సు పనికి అంతే అవుతుంది. అప్పుడే కనుక్కున్నాను."

ఆమె నవ్వింది. ఆపుకోలేదు, నీళ్లు తాగలేదు. షెల్టరులో ఉన్న నలుగురూ తిరిగి చూశారు. ఆ నవ్వు నా మీద హోర్డింగు కన్నా బరువుగా పడింది. దానికి నా దగ్గర ఇన్సూరెన్సు లేదు.

ఆ తర్వాత రెండు వారాలు ఆమె అదే మోడలు వేరే పాత కార్ల వెంట తిరిగింది. ఈసారి స్వయంగా వెళ్లి, బెల్టులు లాగి చూసిందట. రోజూ ఫోన్ చేసేది. టైర్లు ఎప్పుడు మార్చారు? బ్యాటరీ బిల్లుందా? ఐదోరోజు, భోంచేశారా? అది ఏ కాలమ్‌లో రాసుకుంటారని నేను అడగలేదు.

"ఎవర్రా ఫోన్లో?" అంది అక్క.

"సర్వేయరు."

"కారు చచ్చి నెలైంది. ఇంకా ఏం సర్వే?"

శుక్రవారం మధ్యాహ్నం ఆమె మా షాపుకే వచ్చింది, కాగితాలతో.

"రెండు లక్షల ఐదు వేలు. గేరుకు పన్నెండు వేలు కోసిన తర్వాత. నిజంగా తిరుగుతున్న నాలుగు కార్లు చూసి రాశాను. కంపెనీ ఒప్పుకుంది."

రెండు లక్షలకు ఒక కారు అప్పటికే చూసుకున్నాను. గేర్లన్నీ నిలుస్తాయి. సోమవారం నుంచి మిషన్లు మళ్లీ డిక్కీలో తిరగొచ్చు.

అక్క కుట్టు ఆపి, "అంటే మావాడి నోటి ఖరీదు పన్నెండు వేలన్నమాట," అంది.

నేను ఫారం చదివాను. చదివిన చోటే మళ్లీ చదివాను. పెన్ను పట్టుకుని ఊరుకున్నాను.

ఆమె మొహం మారింది. "ఇంకా చాల్లేదా? ఇంతకన్నా ఎక్కువ రాస్తే అది న్యాయం కాదండీ. మీరు అలాంటివారు కాదనుకున్నాను."

"డబ్బు సరిపోయింది. చివరి లైనే బాగాలేదు."

"అది అందరికీ ఉండే లైనే."

చదివి వినిపించాను. "ఈ సొమ్ము అందిన పిమ్మట, ఈ విషయమై గానీ మరే విషయమై గానీ, కంపెనీ వారిని, వారి అధికారులను, సర్వేయర్లను ఇకమీదట సంప్రదించనని ఇందుమూలముగా ఒప్పుకొనుచున్నాను."

"అయితే?"

"కంపెనీ వాళ్లను సంప్రదించను. అధికారుల జోలికీ పోను." నా గొంతు నాకే కొత్తగా ఉంది. "మూడోది ఒప్పుకోలేను."

'సర్వేయర్లను' అన్న మాట మీద అడ్డంగా గీత కొట్టి, కింద సంతకం పెట్టాను. జీవితంలో నా కోసం నేను అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి.

ఆమె ఫారం తన వైపు తిప్పుకుని ఆ గీతను చూసింది. మూల మిషను మీద ఫ్యాను గాలికి ఎవరిదో జాకెట్టు చేయి ఊగుతోంది.

"కొట్టివేత ఉంటే చెల్లదు," అంది నెమ్మదిగా.

"చెల్లదా?"

"పక్కన రెండోవాళ్లు కూడా సంతకం పెడితేనే చెల్లుతుంది."

నా చేతిలో పెన్ను తీసుకుంది. గీత పక్కన పొట్టి సంతకం పెట్టింది. తేదీ కూడా వేసింది. అంత జాగ్రత్త మనిషి.

"మీ మేనేజరు అడిగితే?" అన్నాను.

"ఈ కస్టమరు నాతో గట్టిగా బేరమాడింది ఈ ఒక్క మాటకేనని చెప్తా." తల ఎత్తకుండానే ఫారం అక్క వైపు తిప్పింది. "ఇక్కడ సాక్షి సంతకం కావాలి."

అక్క చెవిలోంచి చాక్‌పీసు తీసింది. గీతను చూసింది, నన్ను చూసింది, ఆమెను చూసింది.

"ఇంతకీ నేను దేనికమ్మాయ్ సాక్షిని? కారుకా?"

"అంతా చదువుకునే పెట్టండి, వదినా," అంది సర్వేయరు.

అక్క మళ్లీ చదవలేదు. ఎంత గట్టిగా నొక్కి సంతకం పెట్టిందంటే, కార్బను కింద ఉన్న మూడు కాపీలకూ దిగింది.