మిగిలిపోయిన రింగులు

పొద్దున్నే తాయారు పెరట్లో చిక్కుడుకాయలు కోస్తుంటే, ఆమె భర్త అప్పలసూరి అరుగు మీద కూర్చుని కూతురి మీద అలిగాడు. ఆమదాలవలసలో ఎన్నో ఇళ్లు కట్టిన మేస్త్రి. పాతికేళ్ల కిందట తన ఇల్లు తనే కట్టుకున్నాడు. ఆ ఇంటి పిల్లర్లకే బలం చాలదంటే ఎవరికి మాత్రం మండదు?

అన్నది పరాయివాళ్లు కాదు, తను ఇంజనీరింగ్ చదివించిన భారతి. భర్తా, ఇద్దరు పిల్లలతో మేడ మీద ఉంటోంది. పోయిన నెల భూమి కాస్త కదిలి అటక మీద గిన్నెలు మోగినప్పటినుంచీ ఆమెకు కంటి మీద కునుకు లేదు. ఇల్లు పడగొట్టక్కర్లేదనీ, మళ్లీ అంత సిమెంటూ ఇసుకా తగలెయ్యడం దండగనీ, కింది పిల్లర్ల చుట్టూ కొత్త ఇనుము కట్టి కాంక్రీటు తొడుగు పోస్తే చాలనీ చెప్పింది. కాదంటే పిల్లల్ని తీసుకుని అద్దె ఇంటికి పోతానంది. ఇల్లు చూసి మాట్లాడి కూడా వచ్చింది.

"నా సేతి పనికి వంకెడతన్నావేటి? కావాలంటే పగలగొట్టి సూడు," అన్నాడు అప్పలసూరి పంతానికి.

భారతి మూల పిల్లరు పైపెచ్చు ఊడగొట్టించింది. లోపల రింగుకీ రింగుకీ మధ్య మూరెడు ఖాళీ. నిలువు ఊచల్ని విడిపోకుండా పట్టి ఉంచేవి ఆ రింగులే. ఊళ్లోవాళ్ల ఇళ్లకైతే జానెడు దాటనిచ్చేవాడు కాదు.

"ఇదేటి నాన్నా?" అంది. గొంతు పెంచలేదు. అదే అతనికి ఎక్కువ తగిలింది.

జవాబు అప్పట్లో అతని పక్కన రింగులు వంచిన తాయారు చెప్పింది. "నేను అన్నీ వంచినాను. సగం మిగిలిపోనాయి మావా అంటే, ముహూర్తం దగ్గరికొచ్చేసినాది, మనిల్లే కదా, సాల్లేయే అన్నావు."

ఆమె పెరటి వైపు చూసింది. ఏటేటా చిక్కుడు తీగ పాకేది ఆ మిగిలిన రింగులు గుచ్చి కట్టిన పందిరి మీదే. అప్పలసూరికి తల ఎత్తబుద్ధి కాలేదు. పదిమంది ఇళ్లకు చూపిన జాగ్రత్త తన పిల్లలు పడుకునే ఇంటికి చూపలేదు. అడిగిన మనిషి నోరూ మూయించాడు.

అతను పందిరి నుంచి ఆ రింగులే విప్పబోతే, తుప్పు తినేశాయి, పనికిరావని భారతి వారించింది. మర్నాడు కొత్త ఊచలు దిగాయి. అలవాటుకొద్దీ రింగులు వంచే బల్లను అతను తాయారు ముందుకు జరిపాడు. ఆమె వేళ్లు ఊచ చుట్టూ ముడుచుకోలేదు.

"సేతులు రావట్లేదు మావా."

అప్పలసూరి కాసేపు ఆ చేతుల్నే చూశాడు. తర్వాత బల్ల తన వైపు లాక్కున్నాడు.

"నేను వంచుతాను. నువ్వు లెక్కెట్టు. సాలని ఈసారి నువ్వే సెప్పాల."

భారతి లోపలికి వెళ్లి, అద్దె ఇంటివాళ్లకు రావడం లేదని ఫోన్ చేసింది. తాయారు కొంగుతో కళ్లొత్తుకుంది.

"ఒకటి," అంది.